ఇంజిన్ చప్పుడు ఎవరి సొత్తు? ట్రేడ్‌మార్కా, పేటెంటా, అసలేదీ వద్దా: ఏది మేలు?

మోటారు సైకిలు మలుపు తిరిగి కంటపడకముందే దాని పేరు చెప్పేసే వాళ్లు విశాఖపట్నంలో వీధికి ఒకరైనా ఉంటారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ వస్తోందంటే ఇంట్లో కూర్చున్న వాళ్లకూ తెలుస్తుంది. యమహా ఆర్‌ఎక్స్ 100 సంగతి చెప్పనక్కరలేదు; దాని తయారీ ఆగిపోయి దశాబ్దాలు గడిచినా, బీచ్ రోడ్డులో ఒకటి వెళ్తే ఇప్పటికీ నలుగురు తలతిప్పి చూస్తారు. ఇంతగా గుర్తు పట్టగలిగిన చప్పుడు ఆ కంపెనీ ఆస్తి అవుతుందా? పేరునూ బొమ్మనూ రిజిస్టరు చేసుకున్నట్టు చప్పుడునూ చేసుకుని, అలాంటి చప్పుడు చేసే బండిని మరొకరు అమ్మకూడదని శాసించవచ్చా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజిన్ నిర్మాణం నుంచి దానంతట అదే పుట్టే చప్పుడుకు ట్రేడ్‌మార్కు ఇవ్వకూడదు. ఆ నిర్మాణంలో నిజంగా కొత్తదనం ఉంటే పేటెంటు తీసుకోవచ్చు, 20 ఏళ్లు అనుభవించవచ్చు, ఆ తర్వాత లోకానికి వదిలేయాలి. స్పీకరులో నుంచి వినిపించే కట్టుడు చప్పుడు మాత్రం వేరు. దానికి ట్రేడ్‌మార్కే తగినది.

ఈ విషయంలో అందరూ ఉదాహరించేది అమెరికా మోటారు సైకిళ్ల కంపెనీ హార్లీ-డేవిడ్‌సన్ కథ. ఆ కంపెనీ 1994 ఫిబ్రవరి 1న అమెరికా ట్రేడ్‌మార్కుల కార్యాలయంలో ఒక దరఖాస్తు పెట్టింది. తమ బళ్ల ఎగ్జాస్ట్ చప్పుడే తమ గుర్తు అని దాని సారాంశం. రెండు సిలిండర్లు వి ఆకారంలో నిలబడి, రెండు పిస్టన్లూ ఒకే క్రాంక్‌పిన్నుకు (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసైన క్రాంకు మీద వాటిని తగిలించే పిన్నుకు) తగిలి ఉన్న ఇంజిన్ నడిచేటప్పుడు వచ్చే చప్పుడు అని అందులో వర్ణించారు. చప్పుడు ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంజిన్ ఎలా ఉంటుందో చెప్పారన్న మాట. నా దృష్టిలో వాదన అక్కడే బలహీనపడింది. చప్పుడును ఇంజిన్ నుంచి విడదీసి చెప్పలేనప్పుడు, చప్పుడు మీద హక్కు అడగడమంటే ఇంజిన్ మీద హక్కు అడగడమే. కవాసాకి, హోండా సహా తొమ్మిది పోటీ సంస్థలు అభ్యంతరాలు దాఖలు చేశాయి. ఆరేళ్లకు పైగా నలిగాక 2000 జూన్‌లో హార్లీయే దరఖాస్తును వెనక్కి తీసుకుంది. హార్లీ ఓడిపోయిందని కొందరు, ఆ చప్పుడు హార్లీ పేరిట రిజిస్టరై ఉందని మరికొందరు ఇప్పటికీ చెబుతుంటారు. రెండూ నిజం కావు. తుది తీర్పంటూ రాలేదు.

ఆ చప్పుడు ఎక్కడి నుంచి పుడుతుందో చూస్తే అసలు చిక్కు అర్థమవుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో క్రాంకు రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు, తిరిగితే ఒక్కో సిలిండరులో ఒక్కసారి ఫైరింగ్, అంటే ఇంధనం అంటుకోవడం, జరుగుతుంది. హార్లీలో సిలిండర్ల మధ్య కోణం 45 డిగ్రీలు. పిన్ను ఒక్కటే కాబట్టి మొదటి ఫైరింగ్ తర్వాత 315 డిగ్రీలకు రెండోది, ఆపైన 405 డిగ్రీలకు మళ్లీ మొదటిది. ఒక దెబ్బ, కాస్త తొందరగా మరో దెబ్బ, ఆ వెనక చిన్న ఆగుదల. ఈ లయను ఎవరూ బాణీ కట్టలేదు. ఆ కోణాన్నీ ఆ ఒక్క పిన్నునూ ఎంచుకున్న ప్రతివాడికీ ఆ లయే వస్తుంది.

హార్లీ బాధలో న్యాయమే లేదని మాత్రం అనను. అదురు తగ్గడానికి తన వి-ట్విన్లలో (వి ఆకారపు రెండు సిలిండర్ల ఇంజిన్లలో) క్రాంక్‌పిన్నులను పక్కకు జరిపి పెట్టిన హోండా, 1990ల మధ్యలో షాడో 1100లో ఒక రకాన్ని ఒకే పిన్ను క్రాంకుతో విడుదల చేసింది. అదురు పెరుగుతుందని తెలిసీ అలా చేసిందంటే దానికి కావలసింది ఆ చప్పుడే. తరాల తరబడి ఒకరు సంపాదించుకున్న అభిమానాన్ని మరొకరు సులువుగా వాడుకోవడం చూస్తే నాకూ మనసుకు పట్టదు. కానీ మనసుకు పట్టకపోవడం వేరు, చట్టం నిషేధించడం వేరు.

నిషేధిస్తే ఏమయ్యేదో మన దేశపు బండినే తీసుకుని చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2018లో తెచ్చిన 650 సీసీ ఇంటర్‌సెప్టర్‌లో రెండు సిలిండర్లు పక్కపక్కన నిలబడి ఉంటాయి. దాని క్రాంకును 270 డిగ్రీల అమరికలో చేశారు. ఫైరింగ్ 270కి ఒకటి, 450కి ఒకటి. 90 డిగ్రీల వి-ట్విన్‌లోనూ, ఇటలీ కంపెనీ డుకాటీ చాలా బళ్లలో ఉండేదదే, సరిగ్గా ఇదే లయ. ఆకారంలో పోలిక లేని రెండు ఇంజిన్లు చెవికి చుట్టాల్లా వినిపించడానికి కారణం ఇదే. 90 డిగ్రీల వి-ట్విన్ చప్పుడు మీద ఎవరికో శాశ్వత హక్కు ఉండి ఉంటే, చెన్నైలో తయారయ్యే ఈ బండికి నోటీసు వచ్చేది. అందులో కాపీ కొట్టిన భాగం ఒక్కటీ లేకపోయినా వచ్చేది. ట్రేడ్‌మార్కుకు వ్యతిరేకంగా నాకు దొరికిన అన్నిటికన్నా బలమైన కారణం ఇది.

మన చట్టం ఏమంటుందో ఇప్పుడు చూద్దాం. భారతదేశంలో శబ్దానికి ట్రేడ్‌మార్కు కొత్తేమీ కాదు. యాహూ కంపెనీ కూతకు 2008లో రిజిస్ట్రేషన్ ఇచ్చారు, మన దేశంలో నమోదైన మొదటి శబ్ద గుర్తు అదే. 2011లో ఐసీఐసీఐ బ్యాంకు తన బాణీని నమోదు చేసుకుంది. 2017 నాటి ట్రేడ్‌మార్కుల నిబంధనల్లో 26వ నిబంధన, శబ్దాన్ని 30 సెకన్లు మించని ఎంపీ3 రికార్డింగుగా ఇవ్వాలని, దానితోపాటు స్వరలిపి కూడా జతచేయాలని చెబుతోంది. బ్యాంకు బాణీకి స్వరాలు రాయడం తేలిక. ఇంజిన్ చప్పుడుకు ఏ స్వరం రాస్తారు? వేగాన్ని బట్టి స్థాయి మారుతుంది, బరువును బట్టి మారుతుంది, అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు వినిపించేది దిగేటప్పుడు వినిపించదు.

అంతకన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 9(3) సెక్షన్, సాంకేతిక ఫలితం కోసం అవసరమైన ఆకారాన్ని గుర్తుగా నమోదు చేయకూడదని నిషేధిస్తుంది. ఆ నిషేధం వస్తువు ఆకారం వరకే. శబ్దం ప్రస్తావన లేదు. యూరప్‌లో కూడా ఒకప్పుడు ఆకారం గురించే చెప్పేవారు. 2015లో చట్టాన్ని సవరించినప్పుడు ఆకారం లేదా వస్తువుకు ఉన్న మరే లక్షణమైనా అని చేర్చారు. 2021 జూలైలో అక్కడి జనరల్ కోర్టు, పానీయం డబ్బా మూత తెరిచిన చప్పుడునూ ఆ వెనక వచ్చే బుసబుసనూ గుర్తుగా ఇవ్వడానికి నిరాకరించింది. మూత తెరిచినప్పుడు వచ్చే చప్పుడు వస్తువు పనిలో భాగమే తప్ప అమ్మేవాడి సంతకం కాదని దాని భావం. మన చట్టంలోనూ ఆ చేర్పు జరగాలి. లేకపోతే 9(1) కింద విశిష్టత లేదన్న, అంటే అది ఫలానా కంపెనీదని గుర్తుపట్టించేది కాదన్న, అభ్యంతరమే దిక్కు. ఆ విశిష్టతను ఏళ్ల తరబడి వాడకంతో సంపాదించుకున్నామని పెద్ద కంపెనీ రుజువు చేసుకోగలదు. రుజువైతే పదేళ్లకోసారి పునరుద్ధరించుకుంటూ ఎప్పటికీ దగ్గర పెట్టుకోవచ్చు.

ఇంతకీ కంపెనీ నమోదు చేసేది ఏ చప్పుడును? గాజువాక ఆటోనగర్‌లో పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్లు చూసే షెడ్డు ఒకటి ఉంది. అక్కడి పెద్దాయన చేతి పని నాకు ఎంతో ఇష్టం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక టపెట్ల మూత విప్పుతాడు. లోపల కవాటాలను కదిపే కడ్డీని, పుష్‌రాడ్‌ను, రెండు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పి చూస్తాడు. సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. తర్వాత స్టార్ట్ చేసి కార్బ్యురేటర్ స్క్రూను చిన్న చిన్నగా తిప్పుతూ, హెడ్‌లైటు పైన ఉన్న ఆమ్‌మీటర్ ముల్లు ఒక్కో దెబ్బకు ఊగేదాకా ఐడ్లింగ్ (బండి నిలబడి ఉన్నప్పటి ఇంజిన్ వేగం) తగ్గిస్తాడు. నిమిషానికి 900 చుట్లంటే 450 ఫైరింగులు, సెకనుకు ఏడున్నర. "ఇంకొంచెం తగ్గితే ఆగిపోతుంది బాబూ, ఇక్కడే బాగుంటుంది" అంటాడు. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజున ఆ బండి అలా పలికి ఉండదు. 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కంపెనీవి. ఆ నిదానం మాత్రం ఆయనది. ఒకే మోడల్ బళ్లు రెండింటిని పక్కపక్కన పెట్టి వింటే తేడా ఎవరికైనా తెలుస్తుంది.

కంపెనీ తన చప్పుడును తానే మార్చుకోవలసి వస్తుందన్నది మరో సంగతి. కాస్ట్ ఐరన్ ఇంజిన్ పోయి 2008 తర్వాత గేరుబాక్సు కలిసిన యూనిట్ ఇంజిన్లు వచ్చాయి. 2020లో మీటియర్ అనే మోడల్‌తో 349 సీసీ కొత్త ఇంజిన్ వచ్చింది. ప్రతిసారీ చప్పుడు మెత్తబడిందని పాత అభిమానులు బాధపడ్డారు, నేనూ పడ్డాను. కానీ పొగ నిబంధనలు కఠినమయ్యే కొద్దీ ఇంజిన్ మారక తప్పదు. ట్రేడ్‌మార్కుల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, నమోదైన గుర్తును ఐదేళ్లకు పైగా వాడకపోతే తొలగించమని దానివల్ల ఇబ్బంది పడేవారు కోరవచ్చు. పాత చప్పుడుకు హక్కు తీసుకున్న కంపెనీ దాన్ని నిలబెట్టుకోవడానికి పాత ఇంజిన్‌నే తయారు చేస్తుందా? అది సాధ్యం కాదు. కాబట్టి కంపెనీకి కూడా ఇది చివరిదాకా నిలిచే ఆస్తి కాదు.

పేటెంటు దగ్గర ఇలాంటి పేచీలు తక్కువ. అది చప్పుడుకు కాక, చప్పుడు పుట్టించే పనితనానికి ఇస్తారు. సైలెన్సర్ లోపలి గదుల అమరిక, ఎగ్జాస్ట్ గొట్టంలో వేగాన్ని బట్టి తెరుచుకునే కవాటం లాంటి వాటికి. కొత్తదై ఉండాలి, ఎలా చేశారో రాసి చూపాలి, 20 ఏళ్లు నిండగానే ఎవరైనా వాడుకోవచ్చు. హార్లీ మొదటి వి-ట్విన్ 1909 నాటిది; ఆ అమరికకు 1994లో పేటెంటు అడిగే వీలే లేదు. పేటెంటుతో రాని హక్కును ట్రేడ్‌మార్కుతో శాశ్వతంగా పొందాలని చూడటమే ఇందులో నాకు నచ్చనిది. పేటెంటు గడువు పెట్టింది ఊరికే కాదు.

కాపీరైటు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రికార్డింగుకు 60 ఏళ్ల రక్షణ ఉంటుంది, అంతే. మీ బండి చప్పుడును మీరు రికార్డు చేసుకుంటే ఆ రికార్డింగు మీది. ప్రకటనలు, వీడియో గేములు చేసే వాళ్లకు అది అక్కరకొస్తుంది. ఇంజిన్‌కు ఏ సంబంధమూ లేదు.

ఇక రిజిస్టరు కాకుండానే కోర్టుకు వెళ్లే పాసింగ్ ఆఫ్ దావా ఉంది; అంటే తన సరుకును మరొకరి సరుకుగా నమ్మించి అమ్మేవాడి మీద వేసే దావా. ట్రేడ్‌మార్కుల చట్టం 27(2) దాన్ని కాపాడింది. తమకు పేరుప్రతిష్ఠ ఉందని, ఎదుటివాడు జనాన్ని మోసపుచ్చాడని, అందువల్ల తమకు నష్టం జరిగిందని, మూడూ చూపాలి. ప్రతిసారీ మొదటి నుంచి రుజువు చేయాల్సి రావడం కంపెనీలకు భారమే. నాకు మాత్రం అది సబబుగానే తోస్తుంది. ద్వారకానగర్ షోరూములో బండి కొనేవాడు ట్యాంకు మీద పేరు చూస్తాడు, సర్వీసు ఎక్కడో అడుగుతాడు, కాగితాలు చదువుతాడు. చప్పుడు విని పొరబడి వేరే కంపెనీ బండి కొన్నవాడిని చూపించమంటే ఎవరూ చూపలేరు. నిజంగా ఎవరైనా అలా మోసం చేస్తే దావా వేయడానికి దారి తెరిచే ఉంది.

చప్పుడు మీద హక్కుకూ ఎంత గట్టిగా మోగించవచ్చు అన్నదానికీ సంబంధం లేదు. ఈ రెండూ కలగలిపి మాట్లాడే కుర్రాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. సైలెన్సర్ మార్చి తిరిగితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్సు రద్దు కూడా ఉండవచ్చు. విశాఖ పోలీసులు అలాంటి సైలెన్సర్లను రోడ్డు మీద పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు కూడా. నేను పోలీసుల పక్షమే. బుల్లెట్ అందం దాని నిదానంలో ఉంది. గుండెజబ్బు మనిషి ఉన్న ఇంటి ముందు అర్ధరాత్రి తూటాల్లా పేల్చడంలో లేదు.

ఎలక్ట్రిక్ బళ్ల దగ్గరికి వచ్చేసరికి నా జవాబు మారిపోతుంది. మోటారుకు ఫైరింగ్ లేదు, క్రాంకు లేదు. యూరప్‌లో 2021 జూలై నుంచి కొత్త ఎలక్ట్రిక్ కార్లన్నీ తక్కువ వేగంలో పాదచారులకు వినిపించేలా చప్పుడు చేయాలి. ఆ చప్పుడు ఎలా ఉండాలో కంపెనీ కూర్చుని నిర్ణయిస్తుంది. వేరే కంపెనీ వేరేది ఎంచుకుంటే దాని బండి పనితీరులో లోటేమీ రాదు. సరిగ్గా ఇలాంటి దానికే ట్రేడ్‌మార్కు పుట్టింది. బ్యాంకు బాణీకి, దీనికి తేడా లేదు. స్వరలిపి రాయవచ్చు, 30 సెకన్లలో వినిపించవచ్చు, ఒకరు తీసుకుంటే మిగిలిన వాళ్లకు వేల దారులు మిగులుతాయి.

కాబట్టి విశాఖలో ఎలక్ట్రిక్ బండి తయారు చేయాలనుకుంటున్న ఇంజినీరింగ్ విద్యార్థులకు నా సలహా: బండికి మీరు కూర్చిన స్టార్టింగ్ చప్పుడు ఉంటే దాన్ని మొదటి బండి అమ్మకముందే నమోదు చేయించండి. మన రాష్ట్రం చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తుంది, కానీ ఆన్‌లైన్‌లో పెట్టేయవచ్చు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు 2017 నిబంధనల్లో పెట్టిన ఆన్‌లైన్ రుసుము సరుకుల ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, మిగిలిన వాళ్లకు 9,000. సంగీతం తెలిసినవారి చేత స్వరలిపి రాయించండి. గేర్ల నుంచో గొలుసు నుంచో వచ్చే చప్పుడును అందులో కలపకండి, అది మీది కాదు.