సెకండ్ హ్యాండ్ బైక్‌కి పెండింగ్ రీకాల్: కంపెనీల ఉచిత రిపేరు సర్వీసు ఎలా ఉంది?

రీకాల్ అంటే తయారీ లోపం బయటపడిన బండ్లను కంపెనీయే పిలిచి ఉచితంగా బాగుచేయడం. బండి ఎన్ని చేతులు మారినా రీకాల్ దాన్ని వదలదు. అది ఉండేది ఛాసిస్ నంబరు మీద, యజమాని పేరు మీద కాదు. మూడో చేతికి వచ్చిన బైక్‌కైనా ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ ఆ పని ఉచితంగానే చేయాలి. వారంటీ అయిపోయిందన్న మాట ఇక్కడ చెల్లదు. ఈ సర్వీసులో మెచ్చుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. వయసు పరిమితి మాత్రం దేశాన్ని బట్టి ఉంటుంది: అమెరికాలో ఉచిత రిపేరు 15 ఏళ్ళ వరకు హక్కు, భారత్‌లో తప్పనిసరి రీకాల్ నిబంధన ఏడేళ్ళ లోపు బండ్లకే. గడువు దాటినా అడిగి చూడండి.

తంటా అంతా కబురు అందడంలోనే. ఉత్తరమూ మెసేజీ మొదటి యజమానికి పోతాయి, బండేమో ఇంకొకరి దగ్గర తిరుగుతుంటుంది. కాబట్టి వెతుక్కోవాల్సింది కొన్నవాళ్ళే.

ఆన్‌లైన్ చెకింగ్‌కి ఐదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు. కంపెనీ సైట్‌లో రీకాల్ పేజీ తెరిచి ఛాసిస్ నంబరు కొడితే క్షణాల్లో తేలిపోతుంది. నంబరు కాగితాల్లో చూసి కాదు, బండి మీద చూసి కొట్టండి. హ్యాండిల్ పక్కకు తిప్పితే స్టీరింగ్ హెడ్ మీద, చాలా బైక్‌లకు కుడివైపు, గుద్ది ఉంటుంది. జిడ్డు తుడిచి ఫోటో తీసుకోండి. మొత్తం 17 అక్షరాలు, అంకెలు. వాటిలో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ ఉండవు. అంటే గుండ్రంగా కనిపించేది సున్నా, నిలువు గీత ఒకటి. ఇంజిన్ నంబరు వేరు, దాన్ని కొడితే ఏమీ రాదు. "పెండింగ్ లేదు" అని వచ్చినా వెంటనే ఊరట పడొద్దు. వేరే దేశం నుంచి దిగుమతైన బండి ఇక్కడి జాబితాలో కనపడకపోవచ్చు. కొత్తగా ప్రకటించిన రీకాల్‌లో నంబర్లు ఇంకా ఎక్కించి ఉండకపోవచ్చు. ఒకసారి ఫోన్ చేసి కూడా అడగండి, రెండు మూడు నెలలకోసారి మళ్ళీ చూడండి.

కౌంటర్ దగ్గరే మార్కులు పడిపోతాయి: రెండున్నర. "పార్ట్ స్టాక్ లేదు, వచ్చాక ఫోన్ చేస్తాం" అంటారు, ఆ ఫోన్ రాదు. రీకాల్ క్యాంపెయిన్ నంబరు (ఆ రీకాల్‌కి కంపెనీ ఇచ్చిన గుర్తింపు నంబరు), ఛాసిస్ నంబరు రెండూ ఇచ్చి, పార్ట్ ఆర్డర్ పెట్టినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. కదలకపోతే అదే కాగితంతో కంపెనీ కస్టమర్ కేర్‌కి రాయండి. రిపేరయ్యే దాకా బండి నడపొచ్చా అని సూటిగా అడగండి. నడపొద్దని నోటీసులో ఉంటే బండిని వాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలని పట్టుబట్టండి. బ్రేకులు, పెట్రోలు లీకు, స్టీరింగ్‌కి సంబంధించిన రీకాల్ అయితే సర్వీస్ సెంటర్ దాకా కూడా తోలుకెళ్ళొద్దు.

పని నాణ్యత చాలావరకు బాగుంటుంది, కానీ ఏం చేశారో చూసుకోవాలి. రీకాల్ అంటే ప్రతిసారీ పార్ట్ మార్చడం కాదు. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ లోపంతో 2,36,966 బండ్లను పిలిచినప్పుడు పదిశాతం లోపు వాటికే మార్చాల్సి రావొచ్చని కంపెనీ అంచనా. చూసి బాగుందని వదిలేసినా రీకాల్ పూర్తయినట్టే, అయితే ఆ మాట జాబ్ కార్డ్‌లో, అంటే చేసిన పని రాసిచ్చే సర్వీస్ సెంటర్ కాగితంలో, ఉండాలి.

ఇంకో రకం చూడండి. 2018లో హార్లే డేవిడ్‌సన్ 2008–2011 మోడళ్ళలో ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉన్న సుమారు రెండున్నర లక్షల బండ్లను పిలిచింది. పాతబడిన డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ వల్ల ఏబీఎస్ యూనిట్ వాల్వుల్లో మడ్డి పేరుకుని, లివర్ నొక్కినా బ్రేక్ పడకపోయే ప్రమాదం. విరుగుడు ఆయిల్ పూర్తిగా మార్చడమే. ఈ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చాల్సిందే. మార్చకపోతే రీకాల్ చేయించిన బండి కూడా మళ్ళీ అదే స్థితికి వస్తుంది. సెకండ్ హ్యాండ్ బండికి చివరిసారి ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఇవాళే మార్పించండి.

బ్రేక్ పనైతే బండి తీసుకునే ముందు లివర్ నొక్కి పట్టుకోండి. గట్టిగా నిలబడాలి, మెత్తగా లోపలికి జారితే గాలి మిగిలినట్టు. బ్రేక్ ఆయిల్ పైపు (హోస్) విప్పి ఉంటే బోల్టుకు రెండు వైపులా కొత్త కాపర్ వాషర్లు వేశారా అని అడగండి, పాతవి కారతాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రీకాల్ అయితే బ్యాటరీ నిండుగా ఉండాలి. మధ్యలో వోల్టేజ్ పడితే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) మొరాయిస్తుంది. ముందు యజమాని ఈసీయూ ట్యూన్ చేయించి ఉంటే అది చెరిగిపోతుంది, ముందే చెప్పండి.

జాబ్ కార్డ్‌లో ఛాసిస్ నంబరు, క్యాంపెయిన్ నంబరు, తేదీ, కిలోమీటర్లు ఉన్నాయో లేదో చదివాకే సంతకం పెట్టండి. పని అయిందని డీలర్ కంపెనీకి క్లెయిమ్ పంపేదాకా సైట్‌లో పెండింగ్ అనే చూపిస్తుంది. రెండు వారాలయ్యాక కూడా అలాగే ఉంటే జాబ్ కార్డ్ పట్టుకుని వెళ్ళండి. అప్పుడే మీ పేరు, ఫోన్ నంబరు కంపెనీ రికార్డులో మార్పించుకోండి. రిజిస్ట్రేషన్ బదిలీ అయినంత మాత్రాన కంపెనీ దగ్గర పేరు మారదు.

ఈ సర్వీసుకు దొరకనిది ఒకటుంది: పాత సామాను యార్డులో కొని బిగించిన పార్ట్. లోపమున్న ఫ్యూయల్ పంపు వేరే బండి నుంచి వచ్చి ఉంటే మీ ఛాసిస్ నంబరు మీద ఏ రీకాలూ కనిపించదు. పార్ట్ మీద అచ్చైన నంబరు చదివి, రీకాల్ నోటీసులో ఇచ్చిన నంబర్లతో చేత్తో పోల్చుకోవాలి.