సంక్షేమ సొమ్ములో మోసం: ముందే వడకట్టడమా, ఇచ్చాక పట్టుకోవడమా, కంప్యూటర్‌కు వదిలేయడమా?

సంక్షేమ పథకాల్లో మోసం అనగానే చాలామందికి ఒకే మనిషి గుర్తుకు వస్తాడు: ఆదాయం దాచిపెట్టి భత్యం తీసుకునేవాడు. అలాంటివాడు లేడని అనను. అతన్ని పట్టడానికి పన్నిన వలల్లో ఎవరెవరు చిక్కుకున్నారో చదివాక మాత్రం, ఏ పద్ధతి మేలో తేల్చుకోవడానికి నేను ఒకటే అడుగుతున్నాను. లెక్క తప్పితే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

ఒక తికమక ముందే తీర్చుకోవాలి. అమెరికా ఆహార సహాయ పథకం స్నాప్‌లో 2023 ఆర్థిక సంవత్సరపు చెల్లింపు దోషాల రేటు 11.68 శాతం. దీన్ని మోసం లెక్కగా చదివితే పొరబడినట్టే. ఉద్యోగుల పొరపాట్లు, దరఖాస్తుదారులు తెలియక రాసిన తప్పులు, రావలసినదాని కంటే తక్కువ ఇచ్చిన సందర్భాలు కూడా అందులోనే ఉన్నాయి.

మొదటి దారి, పైసా ఇవ్వకముందే గట్టిగా తనిఖీ చేయడం. సొమ్ము చేజారదు. అయితే ఆరితేరిన మోసగాడు కాగితాలన్నీ సిద్ధం చేసుకునే వస్తాడు. ఇల్లు మారినవారు, రోజుకో చోట పనిచేసేవారు, చదవడం రానివారు ఏదో ఒక కాగితం లేక వెనక్కి వెళతారు. అలా వెళ్లినవారు ఏ ఆడిట్ నివేదికలోనూ కనబడరు కాబట్టి ఈ పద్ధతికి దక్కవలసినదాని కంటే మంచి పేరే దక్కుతుంది.

రెండోది ముందు ఇచ్చి, తర్వాత లెక్క చూడటం. 2020లో కరోనా వేళ అమెరికా స్వయం ఉపాధి పొందేవారికి కూడా నిరుద్యోగ భృతి ఇచ్చింది. మొదట్లో దరఖాస్తుదారు స్వయంగా ఇచ్చే ప్రకటన చాలన్నారు. దొంగిలించిన గుర్తింపు వివరాలతో ముఠాలు విరుచుకుపడ్డాయి. ఆ సంవత్సరం డిసెంబరులో కొత్త చట్టం ఆధారాలు అడిగే సరికే చాలా ఆలస్యమైంది. 2020 ఏప్రిల్ నుంచి 2023 మే వరకు నిరుద్యోగ భృతి మొత్తంలో మోసం 10,000 కోట్ల నుంచి 13,500 కోట్ల డాలర్ల మధ్య ఉంటుందని అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం అంచనా వేసింది. ఇది చూసి మొదటి దారే మేలని చాలామంది తీర్పు చెబుతారు. నాకు వేరే పాఠం కనబడింది. దరఖాస్తు పెట్టినది అసలు ఆ మనిషేనా అన్నది ముందే చూడాలి. ఆదాయం ఎంత అన్నది తర్వాత చూసినా కొంప మునగదు.

మూడోది, ఇప్పుడు ప్రభుత్వాలకు ముద్దొస్తున్నది, కంప్యూటర్ తీర్పు. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అనే పేరు పడిన విధానం పన్ను శాఖ దగ్గరున్న ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు, అంటే రెండేసి వారాలకు, సమానంగా పంచింది. ఆరు నెలలు పనిచేసి, మిగిలిన ఆరు నెలలు భత్యం తీసుకున్న మనిషి, ఆ భత్యం నెలల్లో కూడా సంపాదించినట్టు కనబడి, ఈ భాగహారంలో అబద్ధాలకోరుగా తేలాడు. కాదని నిరూపించుకోవడానికి ఏళ్లనాటి జీతం చీటీలు వెతుక్కోవలసిన పని అతనిదే. అలా వేసిన బాకీలు చట్టబద్ధం కావని 2019లో ప్రభుత్వమే ఒప్పుకుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మిడాస్ అనే కంప్యూటర్ వ్యవస్థ 2013 నుంచి 2015 వరకు నిరుద్యోగ భృతిలో మోసాలను తనంతట తానే తేల్చింది. తర్వాత 22,000కు పైగా కేసులు తిరిగి చూస్తే 93 శాతం తప్పు. ఈలోగా జరిమానా మాత్రం తీసుకున్నదానికి నాలుగింతలు! నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకున్న వేలాది కుటుంబాలను చిన్న కాగితపు లోపాలకు మోసగాళ్లుగా ముద్రవేసి, మొత్తం సొమ్ము కట్టమన్నారు. రెండు దేశాల పౌరసత్వం ఉండటాన్ని కూడా అనుమానపు గుర్తుగా వాడారు. 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేయవలసి వచ్చింది.

అందుకని కంప్యూటర్‌ను పక్కన పెట్టమనను. చనిపోయినవారి పేర్లతో ఆగకుండా వెళ్లే చెల్లింపులను, ఒకే బ్యాంకు ఖాతా నంబరుతో వచ్చిన పదుల దరఖాస్తులను అది క్షణంలో చూపిస్తుంది. ముఠాలు దొరికేది అక్కడే. చూపించడం వరకే దాని పని. భత్యం ఆపాలా, తిరిగి వసూలు చేయాలా అన్నది ఫైలు చదివి, ఆ మనిషి చెప్పేది విన్న ఉద్యోగి తేల్చాలి. కాబట్టి నా ఓటు కలగలుపుకే: గుర్తింపు ముందు, అర్హత లెక్క తర్వాత, అనుమానం యంత్రానిది, తీర్పు మనిషిది.

ఈ మూడింటిలో దేనికీ అందని మోసం ఇంకొకటి ఉంది. స్నాప్ సొమ్ము వేసే కార్డుల్లో చాలావాటికి చిప్ లేదు, అయస్కాంతపు పట్టీయే. దుకాణంలోని యంత్రానికి దొంగ పరికరం తగిలించి వాటి నకళ్లు తీసి, నెల సరుకుల సొమ్ము ఊడ్చేస్తున్నారు. లబ్ధిదారుకు చిప్ కార్డు ఇస్తే ఇది చాలావరకు ఆగుతుంది. కాలిఫోర్నియా 2025లో ఆ పని మొదలుపెట్టింది. అలా పోయిన సొమ్మును ఫెడరల్ నిధుల నుంచి తిరిగి ఇచ్చే వెసులుబాటు మాత్రం 2024 డిసెంబరు 20తో ముగిసిపోయింది.