బెజవాడలో తెల్లవారుజామున సూపర్ బౌల్: ఒక కేఫ్ ఏర్పాట్లపై సమీక్ష

2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్, మన కాలమానం ప్రకారం సోమవారం తెల్లవారుజామున 5 గంటలకు మొదలైంది. విజయవాడ బెంజి సర్కిల్ సమీపంలోని ఒక కేఫ్ ఆ వేళకే తలుపులు తెరిచి, పెద్ద తెరపై ప్రత్యక్ష ప్రసారం ఏర్పాటు చేయడం మెచ్చుకోదగిన సాహసం.

ప్రసారం ఎక్కడా ఆగలేదు. ఈ ఆటలో బంతి కదిలేది కొద్ది క్షణాలే, ఆగేది ఎక్కువసేపు. అందువల్ల నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు సాగాలన్న మూల నియమాన్ని వివరించే కాగితాన్ని ప్రతి బల్లపైనా ఉంచడం తెలివైన ఆలోచన. అది లేకుంటే క్రికెట్‌కు అలవాటుపడిన మాలో సగం మంది పెసరట్టు మీదే దృష్టి నిలిపేవారు. పెసరట్టు బాగుంది, కాఫీ మాత్రం చల్లారి వచ్చింది.

విరామానికే ఫిలడెల్ఫియా ఈగల్స్ 24-0తో ముందుండటంతో పోటీలో బిగువు సడలింది. చివరకు ఆ జట్టు కాన్సస్ సిటీ చీఫ్స్‌పై 40-22తో గెలిచింది. నా దృష్టిలో అసలు ఆకర్షణ ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్ విరామ ప్రదర్శనే. నటుడు శామ్యూల్ ఎల్. జాక్సన్ అమెరికాకు ప్రతీక అయిన అంకుల్ శామ్ వేషంలో వ్యాఖ్యానిస్తుండగా, ఎరుపు, తెలుపు, నీలం దుస్తుల్లోని నర్తకులు అమెరికా జెండాగా కూడి విడిపోయిన దృశ్యం పెద్ద తెరపైనే చూడదగ్గది. అయితే ర్యాప్‌కు ప్రాణం మాట. బేస్ మితిమీరి పెంచిన స్పీకర్లలో ఆ మాటలే వినిపించలేదు, తగ్గించమని కోరినా సిబ్బంది పట్టించుకోలేదు.

టిఫినుతో కలిపి వసూలు చేసిన రుసుము సబబే. ఆట ఉదయం 8 దాటాకే ముగిసింది కనుక, ఉద్యోగులు ఆ పూటకు సెలవు పెట్టుకోవడం మేలు.