లోపల పట్టీ చుట్టిన జిప్ పౌచ్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

జిప్ పౌచ్ ఎవరు చూపించినా నేను ముందు జిప్ తెరిచి లోపలి వైపు తిరగేస్తాను. పక్క కుట్లు ఎలా ముగించారో చూస్తే అది ఎన్నాళ్లు నిలుస్తుందో చాలావరకు తెలిసిపోతుంది. శ్రీకాకుళంలో మా ఇంట్లో కొన్నేళ్లుగా మూడు రకాల పౌచ్‌లు వాడుతున్నాం. అంచులకు ఓవర్‌లాక్ (పోగులూడకుండా మిషన్‌తో అంచు చుట్టూ వేసే దారం కుట్టు) కొట్టి వదిలేసినవి బజారులో కొన్నాం. లైనింగ్ వేసినవి, లైనింగ్ లేకుండా లోపలి కుట్లకు గుడ్డ పట్టీ చుట్టినవి నేను కుట్టాను. వీటిలో ఇప్పటికీ కుట్టు కదలకుండా ఉన్నవి పట్టీ చుట్టినవే.

ఓవర్‌లాక్‌వి ఎలా పాడవుతాయో అమ్మ మాత్రల పౌచ్‌లో దగ్గరగా చూశాను. మాత్రల షీటు మూలలు పదునుగా ఉంటాయి. తీసినప్పుడల్లా అవి ఓవర్‌లాక్ దారానికి తగులుతాయి. ముందు ఒక పోగు లేస్తుంది, తర్వాత గుడ్డ అంచు పీచుపీచుగా ఊడుతుంది. ఆ పీచు వెళ్లి రన్నర్‌లో, అంటే జిప్ మీద జరిగే ముక్కలో, ఇరుక్కుంటుంది. గట్టిగా లాగితే రన్నర్ వెనకాల పళ్లు విడిపోతాయి. చాలామంది జిప్ నాసిరకం అనుకుని పౌచ్ పారేస్తారు. అసలు తప్పు లోపలి అంచుది.

లైనింగ్ వేసిన పౌచ్ చూడ్డానికి బాగుంటుంది. కళ్లజోడు పెట్టుకోవడానికి, మధ్యలో పల్చటి స్పాంజి వేసుకోవడానికి అదే సరైనది. కానీ చిల్లర, తాళాలు వేసుకుంటే చెయ్యి పైకి తీసినప్పుడల్లా లైనింగ్ కూడా వెంట వస్తుంది. వానాకాలంలో ఉతికితే రెండు పొరల మధ్య తడి ఒకపట్టాన ఆరదు, ముక్క వాసన పట్టేస్తుంది. మన వైపు ముసురు పట్టిందంటే ఎలా ఉంటుందో తెలిసిందే కదా. పట్టీ చుట్టిన పౌచ్‌కి ఒక్కటే పొర కాబట్టి తిరగేసి దండెం మీద వేస్తే తొందరగా ఆరిపోతుంది.

ఇక పట్టీ సంగతి. కుట్టుకి బయట పావు అంగుళం గుడ్డ వదిలితే పట్టీ వెడల్పు అంగుళంపావు నుంచి అంగుళంన్నర ఉండాలి. జాకెట్లకు వాడే టూ బై టూ గుడ్డ దీనికి బాగా నప్పుతుంది. పల్చగా ఉండి మడత చెప్పిన మాట వింటుంది. శాటిన్ పట్టీ మెరుస్తుంది గానీ కుట్టేటప్పుడు జారుతుంది, దాని అంచులే పోగులూడతాయి. అన్నింటికీ క్రాస్ పట్టీ, అంటే గుడ్డను ఐమూలగా కత్తిరించిన పట్టీ, కావాలంటారు, నేను ఒప్పుకోను. తిన్నని పక్క కుట్లకు నిలువు పట్టీ చాలు, గుడ్డ కలిసొస్తుంది. అడుగు మూలలు గుండ్రంగా ఉంటేనే క్రాస్ కావాలి. వంపులో అదొక్కటే ముడతపడకుండా సాగి తిరుగుతుంది.

మీ దగ్గరున్న పౌచ్ తిరగేసి పట్టీ మొదలు, చివర చూడండి. అక్కడ అర అంగుళం లోపలికి మడిచి చుట్టారా, లేక కత్తిరించి వదిలేశారా? వదిలేస్తే పట్టీ వేసిన ప్రయోజనమే పోతుంది. జిప్ చివర దగ్గర గుడ్డ, జిప్ టేపు, పట్టీ అన్నీ ఒకచోట కలిసి మందమవుతాయి. అక్కడ 16వ నంబరు సూది వేసి, మోటారు ఆపి, చేత్తో చక్రం తిప్పుకుంటూ నెమ్మదిగా దాటిస్తాను. పెట్టెలా అడుగు రావాలంటే ముందు పక్క కుట్లకు పట్టీ వేసి, తర్వాత మూల చదును చేసి కుట్టి, దానికి వేరే పట్టీ వేయాలి. రెండు కుట్లు కలిసేచోట ఒకదాన్ని ఇటు, ఒకదాన్ని అటు మడిస్తే బుడిపె రాదు. పక్కలు కుట్టేముందు జిప్ సగం తెరిచి ఉంచాలి, లేకపోతే తర్వాత తిరగేయడానికి దారే ఉండదు. అంచు లోపల దాగేలా రెండుసార్లు కుట్టే ఫ్రెంచ్ కుట్టు కూడా పల్చటి గుడ్డకు చక్కగా ఉంటుంది. జిప్ చివరల్లో మాత్రం లావెక్కిపోతుంది.

మా అప్పకి కుట్టిన పౌచ్ పొందూరు ఖాదీ ముక్కలతో చేశాను. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికి నేసిన ఆ గుడ్డ ముక్కని చెత్తబుట్టలో వేయడానికి నాకు చేతులు రావు. సన్న నూలు కాబట్టి కత్తిరించిన అంచు పట్టుకుంటేనే పోగులు వస్తాయి. లోపలి పట్టీ అసలు విలువ తెలిసేది ఇలాంటి గుడ్డ దగ్గరే. కత్తిరించే ముందు తప్పకుండా నానబెట్టి ఆరబెట్టాలి. నూలు గుడ్డ కుదించుకుంటుంది, పాలియెస్టర్ జిప్ టేపు కుదించుకోదు. ముందే తడపకపోతే మొదటి ఉతుకులోనే జిప్ పొడవునా గుడ్డ ముడుచుకుపోతుంది.

జిప్ విషయంలో నా ఓటు నైలాన్‌కే. చిన్న పౌచ్‌కి 3వ నంబరు సరిపోతుంది, రోజూ బ్యాగులో వేసుకుని తిరిగేదానికి 5వ నంబరు మేలు. నంబరు పెద్దదైతే మూసిన పళ్ల వెడల్పు కూడా పెద్దది. నైలాన్ జిప్ మీటర్ల లెక్కన కొని ఎక్కడ కావాలంటే అక్కడ కత్తిరించుకోవచ్చు, పళ్ల మీదుగా కుట్టినా సూది విరగదు. లోహపు జిప్పు మీద కుడితే సూది పోతుంది. పైగా సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి ఆ పళ్లు నల్లబడి పట్టేస్తాయి. కళింగపట్నం వైపు ఉన్న మా బంధువులకు అందుకే నైలాన్‌వే కుట్టి ఇస్తాను. జిప్ బిగుసుకుంటే కొవ్వొత్తి రుద్దండి. రన్నర్ దాటాక పళ్లు విడిపోతుంటే ప్లయర్‌తో దాని వెనక చివర రెండు పక్కలా కొంచెం నొక్కండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. పట్టీకి మామూలు కుట్టుకన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది. అమ్మకానికి కుట్టేవాళ్లకు ఆ కూలి గిట్టుబాటు కావాలంటే ధర పెంచాల్సిందే, కొనేవాళ్లు బేరమాడకుండా ఇవ్వాల్సిందే. తెల్ల పట్టీ వేస్తే చిల్లర మురికి ఉతికినా పోవడం లేదు, అందుకే ఇప్పుడు ముదురు మెరూన్, నీలం వాడుతున్నాను. పెన్నులు పెట్టుకునే పౌచ్‌కి మాత్రం పట్టీతో పాటు లోపల రెగ్జిన్ ముక్క కూడా ఉండాలి, ఒక్కటే పొర గుడ్డ అయితే కారిన ఇంకు బయటికి వచ్చేస్తుంది.