చెవికి అందని కూతలు తెర మీద కనిపిస్తాయి

కూత విని పిట్ట పేరు చెప్పే ఆప్‌లు ఇప్పుడు చాలామంది ఫోన్లలో ఉన్నాయి. ఎలా వేసుకోవాలి, ఎంత మెమరీ తింటుంది లాంటివి మీకు తెలిసే ఉంటాయి, వదిలేస్తున్నాను. విశాఖ సీతమ్మధారలో మా డాబా మీద కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నదాన్ని బట్టి చెప్తున్నాను: పేర్ల మాట ఎలా ఉన్నా, తెర మీద జరుగుతూ పోయే ఆ శబ్దపు బొమ్మ కోసమే దాన్ని తీసెయ్యకుండా ఉంచుకున్నాను. లావు గొంతులు కింద, సన్న గొంతులు పైన గీతలుగా పడతాయి, అంతే. కానీ అరవై దాటిన నా చెవులకి అదే పెద్ద వరం. వయసుతో ముందు పోయేది సన్న శబ్దాలే కదా. మామిడి చెట్టు మీద బదనిక పళ్లకి వచ్చే ఫ్లవర్‌పెకర్ అనే బుల్లి పిట్ట చిక్ చిక్ మంటుందని మనవడు చెప్తే నమ్మడమే తప్ప వినే యోగం లేదు. ఇప్పుడు తెర పైఅంచున చుక్కలు పడగానే తలెత్తి చూస్తాను.

కుట్టుపిట్టనీ బూడిదరంగు ప్రినియానీ విడదీయడం కూడా ఆ బొమ్మతోనే అలవాటైంది. రెండూ తోక నిక్కబొడుచుకుని ఒకే మందార పొదలో దూరతాయి, రెండూ ఒకే ముక్క పట్టుకుని అదే పనిగా అరుస్తాయి. అయితే ప్రినియా కంగారుపడి ఎగిరితే కరెంటు తీగ చిటపటలాడినట్టు టప్ టప్ మంటుంది. దానికి ఆప్ ఏ పేరూ చూపించదు. తెర మీద మాత్రం కింద నుంచి పై దాకా సన్నటి నిలువు గీతలు పడతాయి. అవి కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

పేర్లని ఎంతవరకు నమ్మొచ్చో పక్క పార్కులో తెలిసింది. గడ్డి కోసిన రోజు గోరింకలు మిడతల కోసం గుంపుగా దిగుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆప్ షిక్రా, అంటే ఒక రకం చిన్న డేగ, అని చూపించేది. ఆకాశంలో డేగ జాడ ఉండదు, తీగ మీద చీలిన తోకతో నల్లటి పిట్ట, పసులపోలిగాడు ఒక్కడే. ఏంటీ గోల అని ఒక పొద్దున్న బెంచీ మీదే కూర్చున్నాను. ఒక గోరింక లావుపాటి మిడతని పట్టింది. వెంటనే తీగ మీద నుంచి కికీ, కికీ అని అచ్చం డేగ కూత! గోరింకలన్నీ చెట్లలోకి దూరిపోయాయి, వాడు తాపీగా దిగి మిడతని పట్టుకుపోయాడు. ఇంటికొచ్చి రికార్డింగు బొమ్మనీ ఆప్‌లో ఉన్న షిక్రా నమూనానీ పక్కపక్కన చూస్తే నాకు తేడా దొరకలేదు. గోరింకలే మోసపోయాక ఆప్‌ని ఏమనాలి? అప్పటి నుంచి అది చెప్పిన పేరు కూతకి మాత్రమే అనుకుంటాను. కూసిందెవరో కళ్లతో చూశాకే నోట్‌బుక్‌లో రాస్తున్నాను.

పైన అంత పొగిడాను గానీ, బొమ్మ కింది భాగం మా ఊళ్లో దాదాపు దండగ. బస్సుల రొద, నీళ్ల మోటారు, బీచ్ రోడ్డుకి వెళ్తే అలల హోరు, అన్నీ అక్కడే మసిలా పేరుకుంటాయి. జెముడు కాకి లావు గొంతు అందులో మునిగిపోతుంది. నా చెవికి స్పష్టంగా వినిపించే కూతకి ఆప్ నోరు మెదపకపోతే ఒళ్లు మండుతుంది. ఊరి పక్క కంబాలకొండ అడవిలో ఆ బాధ లేదు. ఇక రెండు రకాల తేనెపిట్టల పొట్టి పిలుపుల దగ్గర దాని మాట క్షణానికోలా మారుతుంది, నేను పట్టించుకోవడం మానేశాను. నమూనా కూతలు వినిపిస్తుంది కదా అని గూళ్ల కాలంలో చెట్ల కింద మోగించేవాళ్లని చూస్తే మాత్రం ఫోన్ లాక్కోవాలనిపిస్తుంది. పిట్ట వేరే మగపిట్ట వచ్చిందనుకుని గూటి పని వదిలేసి పోట్లాటకి వస్తుంది.

వేసుకోమనను, వద్దనను. నాది డబ్బులు కట్టక్కర్లేని ఆప్, పాత ఫోన్, ఖాళీగా గడిచే పొద్దుటి పూట. పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తేవాళ్లకి, చెవులు చురుగ్గా ఉన్న కుర్రాళ్లకి ఆ గీతలు ఇంత అవసరం ఉండకపోవచ్చు. వినికిడి తగ్గుతోందని పిట్టల సరదా మానుకున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ఒక వారం వాళ్ల చేతికిచ్చి చూడండి.