నెల్లూరులో ఇంగ్లిష్ నెట్ కోచింగ్: భాషాశాస్త్రం కోసమైనా వెళ్లండి

నెల్లూరు, ఒంగోలు వైపు ఎంఏ ఇంగ్లిష్ చేసి యూజీసీ నెట్‌కో ఏపీసెట్‌కో (కాలేజీ లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్షలు) చదువుతున్నవాళ్ల కోసం రాస్తున్నా. పొగతోటలో ఒక రిటైర్డ్ లెక్చరర్ మేడ మీద శని, ఆదివారాలు చెప్పే క్లాసు ఇది. బయట పేరు బోర్డు లేదు, యాప్ లేదు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఫీజు హైదరాబాద్ కోచింగులతో పోలిస్తే చాలా తక్కువ.

ఇక్కడికి రావాల్సింది ముఖ్యంగా భాషాశాస్త్రం కోసం. ఎంఏలో ఆ పేపర్‌ని గైడు చూసి పాసైపోతాం, తీరా నెట్ రెండో పేపర్ సిలబస్ తీస్తే పది యూనిట్లలో ఐదోది భాష, ఆరోది మన దేశంలో ఇంగ్లిష్ చరిత్ర, దాంతో చాలామంది నాటకం, కవిత్వం దగ్గరే ఆగిపోయి ఆ రెండూ వదిలేస్తారు. సార్ సరిగ్గా అక్కడే మొదలుపెడతారు. నోటి ముందు సన్న కాగితం ముక్క పట్టుకుని 'పిన్' అనమంటారు, తర్వాత 'స్పిన్'. ఇంగ్లిష్ వాళ్లు అంటే మొదటిదానికి కాగితం ఊగుతుంది, రెండోదానికి ఊగదు. మనం అంటే రెండింటికీ దాదాపు ఒకేలా ఉంటుంది. మనలో చాలామంది 'ఎగ్'ని 'యెగ్' అనడం దగ్గర్నుంచి ఇంకో గంట నడుస్తుంది. ఫొనీమ్ (మాట అర్థాన్ని మార్చే ధ్వని), అల్లోఫోన్ (అదే ధ్వనిని కొంచెం తేడాగా పలికే రూపం) అని నిర్వచనాలు బట్టీ పట్టించరు, మన నోట్లోంచే తీసి చూపిస్తారు. ఇంత బాగా ఈ సబ్జెక్టు చెప్పేవాళ్లని నేను ఇంకెక్కడా చూడలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి గురించి ఒక క్లాసంతా చెప్పారు. 1928లో ఒంగోలులో పుట్టి, అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి, 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకి మొదటి ప్రొఫెసర్ అయి, తర్వాత హైదరాబాద్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేశారాయన. తెలుగు మాండలికాల విభజనలో ఆయన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్ని రాయలసీమతో కలిపి దక్షిణ మండలంలో పెట్టారు. అది చెప్పి, కావలి నుంచి వచ్చినవాళ్లనీ కనిగిరి నుంచి వచ్చినవాళ్లనీ లేపి మాట్లాడించి తేడాలు బోర్డు మీద రాయించారు. రీసెర్చ్ టాపిక్ ఎక్కడ వెతుక్కోవాలో తెలియక తిరిగేవాళ్లకి ఆ ఒక్క క్లాసు చాలు.

ఇంకో మంచి విషయం, ఉద్యోగం గురించి దాపరికం లేకుండా చెప్తారు. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి నెట్ లేదా సెట్ కనీస అర్హత, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. రెగ్యులర్ పోస్టు వస్తే జీతం స్కేలులో లెవెల్ 10, నెలకి బేసిక్ 57,700 రూపాయలు. కానీ పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లకే లెవెల్ 11కి అర్హత వస్తుంది, లేకపోతే ఆరేళ్లు ఆగాలి, అందుకే నెట్ తర్వాత కూడా చదువు ఆపొద్దంటారు. రెగ్యులర్ నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి చూడాల్సి వస్తుందనీ, ఈలోపు గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన చేయాల్సి రావచ్చనీ ముందే చెప్తారు. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో అలాగే పనిచేస్తున్న నాకు ఆ మాట ఒక పెద్దాయన నోట వినడం ఎంత ధైర్యాన్నిచ్చిందో.

లోపాలూ ఉన్నాయి. నెట్‌లో అందరికీ ఉమ్మడిగా ఉండే మొదటి పేపర్, అంటే ఆ 50 ప్రశ్నలు, 100 మార్కులు, దాదాపు ముట్టుకోరు, రీజనింగ్, డేటా లెక్కలు మీరే చూసుకోవాలి. లిటరరీ థియరీ (సాహిత్య సిద్ధాంతాలు) చివర్లో హడావిడిగా లాగించేస్తారు, దెరిదా, ఫూకో లాంటి ఫ్రెంచ్ ఆలోచనాపరులు ఒక్క మధ్యాహ్నంలో అయిపోయారు, అది నాకు అస్సలు నచ్చలేదు. క్లాసు మిస్సైతే రికార్డింగ్ ఉండదు. మే నెలలో ఆ మేడ మీద కూర్చోవడం కష్టం, నీళ్ల బాటిల్ తెచ్చుకోండి.

రెండు వారాల్లో షార్ట్‌కట్ నోట్సు కావాలనుకునేవాళ్లకి ఇది పనికిరాదు. పరీక్షకి కనీసం ఆరు నెలల టైం ఉండి, లెక్చరర్ కావాలని గట్టిగా ఉంటే మాత్రం చేరండి. చేరే ముందు ఒక ఆదివారం ఊరికే కూర్చుని వినమంటారు, దానికి డబ్బులు తీసుకోరు.