సోమవారం గ్రీవెన్సా, లేబరాఫీసా, హైకోర్టా? ఉద్యోగి గోడుకు ఏది మేలు

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ సోమవారం, అంటే జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్ రోజు, కలెక్టరేట్ దగ్గర వరుస చూడండి. భూమి తగాదాల వాళ్ల మధ్య యూనిఫాం వేసుకున్న కార్మికులూ కనిపిస్తారు. ఇంక్రిమెంటు ఆపేశారని ఒకరు, డ్యూటీకి రావద్దన్నారని ఒకరు, పీఎఫ్ జమ కాలేదని ఇంకొకరు అర్జీ పట్టుకుని నిలబడతారు. ఖర్చు లేదు, పెద్దాఫీసరుకే చెప్పుకోవచ్చు, కాబట్టి అక్కడికి వెళ్లడం సహజమే. కానీ సర్వీసు విషయం మీద అక్కడ ఇచ్చిన అర్జీ చాలాసార్లు తిరిగి తిరిగి ఎవరి మీద ఫిర్యాదు చేశామో ఆ ఆఫీసు టేబుల్ మీదికే చేరుతుంది. కొన్నాళ్లకు ‘నిబంధనల ప్రకారం చర్య తీసుకున్నాం’ అని ఎండార్స్‌మెంటు వస్తుంది, అర్జీ మూసేస్తారు. మూడు నెలలుగా జీతం రాని పారిశుధ్య కార్మికులు పదిమంది కలిసి వెళితే పై నుంచి ఒక ఫోనైనా వెళుతుంది, అంతవరకు మేలే. తొలగింపు, సీనియారిటీ, ఛార్జ్ మెమో (ఆరోపణలతో ఇచ్చే నోటీసు) లాంటివాటికి మాత్రం ఆ దారే నమ్ముకుంటే గడువు జారిపోతుంది.

ఏ దారి మేలో చెప్పాలంటే ఆ ఉద్యోగి ఏ రూల్స్ కింద ఉన్నాడో ముందు చూడాలి. తహసీల్దారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుకు లేబరాఫీసుతో పనిలేదు. శాఖలో అప్పీలు, సంఘం ద్వారా జాయింట్ స్టాఫ్ కౌన్సిల్ (ప్రభుత్వం, ఉద్యోగ సంఘాలు కూర్చుని మాట్లాడుకునే వేదిక), ఆపైన హైకోర్టు, అంతే. ప్రభుత్వ ఉద్యోగుల కేసులు వినే రాష్ట్ర అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్ రద్దయ్యాక మధ్యలో ఇంకో మెట్టు లేదు. రైల్వేలో రెగ్యులర్ ఉద్యోగి సర్వీసు కేసు హైదరాబాద్‌లోని క్యాట్ (కేంద్ర అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్) బెంచికి వెళుతుంది. బ్యాంకులు, బీఎస్‌ఎన్‌ఎల్ లాంటి కేంద్ర సంస్థల కార్మికుల వివాదం రాష్ట్ర లేబరాఫీసులో వేస్తే తిరిగొస్తుంది, దాన్ని కేంద్ర లేబర్ కమిషనర్ విభాగంలో వేయాలి. ఆర్టీసీ వాళ్లు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులు, కాబట్టి చేతిలోని ఆర్డరు ఏ రూలు పేరు చెప్పి ఇచ్చారో ముందు చదవాలి. విద్యుత్ సంస్థలు, కార్పొరేషన్లు, మున్సిపాలిటీల్లో పనిచేసే కార్మికులకూ, అవుట్‌సోర్సింగ్ వాళ్లకూ లేబరాఫీసు దారి తెరిచే ఉంటుంది.

ఎక్కడికి వెళ్లినా మొదటి కాగితం మాత్రం సొంత ఆఫీసుకే. ఇక్కడే ఎక్కువ కేసులు చెడిపోతాయి. ‘నాకు చాలా అన్యాయం జరుగుతోంది, దయతో న్యాయం చేయగలరు’ అని రాస్తే ఏ అధికారీ దేనికీ జవాబు చెప్పనక్కర్లేదు. ‘2025 ఆగస్టు నెలలో 26 రోజులు డ్యూటీ చేశాను, 19 రోజులకే జీతం ఇచ్చారు, మిగతా 7 రోజుల జీతం ఇవ్వాలి, హాజరు పట్టీ నకలు జతచేశాను’ అని రాస్తే అవుననో కాదనో చెప్పి తీరాలి. ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి. జీతం కోత, బదిలీ, పై అధికారి తిట్లు కలిపి రాస్తే అందులో తేలికైనదానికి జవాబిచ్చి ఫైలు మూసేస్తారు. రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద ఇన్వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోవాలి. తపాలా సెక్షన్లో తీసుకోకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ అయిన రుజువు ప్రింటు తీసి దాచుకోవాలి. మస్టర్ (హాజరు పట్టీ), సీనియారిటీ జాబితా నకళ్లు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు.

20 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలో గ్రీవెన్స్ కమిటీ ఉండాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం అందులో యాజమాన్యం వాళ్లూ కార్మికులూ సరిసమానంగా, మొత్తం పదిమందికి మించకుండా ఉంటారు. సమస్య పుట్టిన ఏడాదిలోపు అర్జీ పెట్టాలి, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, తేల్చింది నచ్చకపోయినా 60 రోజుల్లో యూనియన్ ద్వారా లేబరాఫీసులో రాజీ చర్చలు నడిపే రాజీ అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. సెలవు, షిఫ్టు, ఓటీ లాంటి సంస్థ లోపలి తగాదాలకు కమిటీయే నయం. పై అధికారి మీదే ఫిర్యాదైతే అక్కడ తెగదు.

యూనియన్ సభ్యుడికి అసలు బలం లేబరాఫీసు రాజీ చర్చల్లోనే ఉంది. కోర్టు ఫీజు లేదు. ఆ బల్ల దగ్గర లాయర్లకు చోటు లేదు కాబట్టి యాజమాన్యం పెద్ద లాయరును తెచ్చి కూర్చోబెట్టలేదు, మన తరఫున యూనియన్ నాయకుడే మాట్లాడతాడు. చర్చలు నడుస్తుండగా ఆ వివాదానికి సంబంధించిన సర్వీసు షరతులను కార్మికుడికి నష్టం కలిగేలా మార్చకూడదు. ఒప్పందం కుదిరి సంతకాలు పడితే యూనియన్లో లేనివాళ్లకు కూడా అది వర్తిస్తుంది. యాజమాన్యం ప్రతి వాయిదాకూ ‘పై వాళ్లను అడిగి చెబుతాం’ అనే గుమాస్తాను పంపితే మాత్రం కాలయాపనే. అప్పుడు నిర్ణయం తీసుకోగల అధికారే రావాలని రాతపూర్వకంగా అడిగి, ఆ మాట మినిట్స్‌లో రాయించాలి. రాజీ కుదరకపోతే ఆ సంగతి రాసి రాజీ అధికారి ఇచ్చే ఫెయిల్యూర్ రిపోర్టు వస్తుంది. అది అందిన 90 రోజుల్లో పారిశ్రామిక ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. పనిలోంచి తీసేసిన కేసులో రిపోర్టు కోసం కూర్చోనక్కర్లేదు. రాజీ అధికారికి అర్జీ పెట్టిన 45 రోజుల తర్వాత కార్మికుడే నేరుగా వెళ్లొచ్చు, తీసేసిన నాటి నుంచి రెండేళ్లు దాటకూడదు.

అవుట్‌సోర్సింగ్ కార్మికుడు అర్జీలో కాంట్రాక్టరు పేరొక్కటే రాసి ఊరుకోకూడదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థ చెల్లించాలి కాబట్టి రెండు పేర్లూ రాయాలి. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ లోపు పడాలి.

హైకోర్టు రిట్ చివరి ఆయుధం అనుకుంటారు గానీ కొన్నింటికి అదే మొదటిది. నోటీసివ్వకుండా జీతంలోంచి రికవరీ, ఎంక్వయిరీ లేకుండా తొలగింపు, అధికారం లేని ఆఫీసరిచ్చిన ఆర్డరు లాంటివి, అదీ ప్రభుత్వ ఉద్యోగికి. వాస్తవాల మీద తగాదా ఉన్నా, పారిశ్రామిక ట్రైబ్యునల్లో పరిష్కారం ఉన్నా హైకోర్టు అక్కడికే పొమ్మనే అవకాశం ఎక్కువ. ఇంకో సంగతి, ‘అర్జీని ఇన్ని వారాల్లో పరిశీలించండి’ అని ఆర్డరొస్తే గెలిచామని మిఠాయిలు పంచుకుంటారు. పరిశీలించమన్నారు, ఇమ్మనలేదు. శాఖ పరిశీలించి కాదనొచ్చు, అప్పుడు ఆ తిరస్కరణ మీద మళ్లీ అమరావతి ప్రయాణం కట్టాలి. ఆర్డరును అసలు పట్టించుకోకపోతే ధిక్కార పిటిషన్ ఏడాదిలోపు వేయాలి. అర్జీల మీద అర్జీలు పెడుతూ పోతే పాత హక్కుకు కొత్త ప్రాణం రాదని సుప్రీంకోర్టు 2008లో సి. జాకబ్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఎనిమిదేళ్ల కిందటి ప్రమోషన్ గురించి నిన్న పెట్టిన అర్జీ చూపిస్తే జడ్జి తేదీలే అడుగుతారు.

సస్పెన్షన్లో ఉన్న కార్మికుడికి కోడ్ కింద మొదటి 90 రోజులు సగం జీతం, ఆపైన ఆలస్యానికి అతను కారణం కాకపోతే 75 శాతం రావాలి. దీని కోసం కోర్టు మెట్లెక్కే ముందు లేబరాఫీసులో ఒక్క అర్జీ పెట్టండి, చాలాసార్లు అక్కడే కదులుతుంది.

ఇక సమ్మె. కోడ్ కింద నోటీసిచ్చిన 14 రోజుల లోపు గానీ, రాజీ చర్చలు నడుస్తుండగా గానీ, అవి ముగిసిన 7 రోజుల లోపు గానీ దిగకూడదు. నోటీసిస్తే మాత్రం కదలని యాజమాన్యం కూడా చర్చల బల్ల దగ్గరికి వస్తుంది. సమ్మె అనకుండా అందరం క్యాజువల్ లీవు పెడదాం అనే పాత ఉపాయం ఇప్పుడు పనిచేయదు. సగం మంది గానీ అంతకు మించి గానీ ఒకే రోజు కూడబలుక్కుని సెలవు పెడితే దాన్నీ సమ్మె కిందే లెక్కేస్తారు.